వెండి పేస్టుతో అచ్చువేసిన స్పీకరు: పని డైరీ

పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద వెండి పేస్టుతో కాయిల్ అచ్చువేసి, వెనుక అయస్కాంతం నిలిపి, మనిషి మాట స్పష్టంగా వినిపించే స్పీకరు చేయాలన్నది ఈ పని లక్ష్యం. ఇప్పటికి పదకొండు వారాలు గడిచాయి. అచ్చువేసిన 37 షీట్లలో మూడు మాత్రమే పనికి వచ్చాయి. మిగిలిన 34 ఎందుకు పాడయ్యాయో కొలతలతో సహా రాసిపెడితే, ఇదే పని తలపెట్టినవారికి వెండి, సమయం రెండూ మిగులుతాయని ఈ డైరీ రాస్తున్నాను.

పద్ధతి ఎంపిక

సిరాతో సర్క్యూట్లు అనగానే ముందుగా ఇంక్‌జెట్ ప్రింటరు గుర్తుకువస్తుంది. 2013లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన యోషిహిరో కవహరా, ఆయన సహచరులు మామూలు ఇంక్‌జెట్ ప్రింటరులో వెండి నానోకణాల సిరా నింపి ఫోటో పేపరు మీద సర్క్యూట్లు తీసి చూపించారు. ఆ గీతల నిరోధం చదరానికి దాదాపు 0.2 ఓమ్. ఇక్కడ చదరం అంటే ఏమిటో ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ డైరీ అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. గీత పొడవును దాని వెడల్పుతో భాగిస్తే ఎన్ని చదరాలో వస్తుంది. సిరా మందం ఒకటే అయితే చదరం చిన్నదైనా పెద్దదైనా దాని నిరోధం మారదు. నేను మొదట గీసిన కాయిల్‌లో 1,963 చదరాలు ఉన్నాయి కాబట్టి ఇంక్‌జెట్ సిరాతో అది 390 ఓమ్‌లు దాటుతుంది. ఆంప్లిఫయర్లు 4 నుంచి 8 ఓమ్‌ల స్పీకర్ల కోసం చేసినవి గనుక అంత నిరోధంలోకి కరెంటు చాలా తక్కువగా పోతుంది.

రెండో దారి, జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయంవారు కాగితం మీద అచ్చువేసిన స్పీకరు. అందులో కాయిల్ ఉండదు. విద్యుత్తు తగిలితే సాగి ముడుచుకునే పాలిమర్ పొరను రెండు వాహక పొరల మధ్య అచ్చువేస్తారు. ఎక్కువ వోల్టేజి పెట్టి ఆ పొరలోని విద్యుత్ ధ్రువాలను ఒకే దిశకు తిప్పాల్సి ఉంటుంది కాబట్టి ఇంట్లో చేసే పనిగా దాన్ని ఎంచుకోలేదు. ఇక మిగిలింది స్క్రీన్ ప్రింటింగు. పెళ్లి పత్రికలు అచ్చువేసే ఈ పద్ధతిలో, చట్రానికి బిగించిన సన్నని వల (మెష్) గుండా సిరాను రబ్బరు పట్టీతో (స్క్వీజీ) నొక్కుతారు. ఆ చట్రమే స్క్రీను. సిరా పొర మందంగా పడుతుంది. స్క్రీన్లు చేసి ఇచ్చే దుకాణాలు హైదరాబాదులోని ఛత్తా బజారు నిండా ఉన్నాయి.

మొదటి దశ: బొగ్గు సిరా

తక్కువ ధరకు దొరుకుతుందని ముందు బొగ్గు సిరా కొన్నాను. కాయిల్ లోపలి వ్యాసం 20 మి.మీ., బయటి వ్యాసం 80 మి.మీ., గీత 1.2 మి.మీ., సందు 0.8 మి.మీ., మొత్తం 15 చుట్లు. అచ్చు చక్కగా పడింది, ఎక్కడా తెగలేదు. మీటరు మాత్రం 104 కిలోఓమ్‌లు చూపించింది. చదరానికి 53 ఓమ్‌లన్నమాట. దీనికి 7 వోల్టులు ఇచ్చినా పారేది మిల్లీఆంపియరులో పదో వంతు కూడా కాదు. చదరాల లెక్క కొనకముందే వేసి ఉంటే ఈ దశ అవసరమే ఉండేది కాదు. మిగిలిన సిరా తరువాత వాల్యూమ్ స్లైడరుకు పనికివచ్చింది.

ఖర్చు: సిరా రూ. 650, మొదటి స్క్రీను రూ. 450, ఓహెచ్‌పీ షీట్లు (ప్రొజెక్టరుకు వాడే పారదర్శక ప్లాస్టిక్ షీట్లు) ఇరవై రూ. 240. మొత్తం రూ. 1,340. షీట్లు 3, మంచివి 0.

రెండో దశ: వెండి పేస్టు, కొలిచే పద్ధతి

25 గ్రాముల వెండి పేస్టు రూ. 3,400 పడింది. అది వెండి రేకల పొడిని రెసిన్‌లో కలిపిన ముద్ద కాబట్టి గట్టి వెండితో సమానంగా విద్యుత్తును ప్రసరింపజేయదు. గట్టి వెండి నిరోధకతకు ఇరవై ముప్పై రెట్లు ఉండటం ఇటువంటి పేస్టులకు మామూలే. ఆ తేడాను ముందే లెక్కలోకి తీసుకోవాలి.

పొదుపు చేయవలసింది షీటు మీద పడే వెండిని కాదని మొదటి రోజే తెలిసింది. నగల త్రాసు మీద తూచి చూస్తే ఒక కాయిల్ మీద ఆరిన వెండి 0.12 గ్రాములే. అయితే స్క్వీజీ ముందు పేస్టు బారుగా నిలవాలంటే స్క్రీను మీద కనీసం 6 గ్రాములు వేయాలి. పని అయ్యాక దాన్ని ప్లాస్టిక్ కార్డుతో గీకి మళ్లీ డబ్బాలోకి ఎత్తుకోవడంలోనే నష్టమంతా జరుగుతుంది.

మూడో షీటు దగ్గర పేస్టు చిక్కబడి మెష్ కళ్లు మూసుకుపోయాయి. పక్కనే ఉన్న, మామూలు రంగులను పలచన చేసే రెడ్యూసరు రెండు చుక్కలు కలిపాను. నిమిషంలో పేస్టు విరిగిన పాలలా పలుకులు పలుకులుగా విడిపోయింది. నాలుగు గ్రాములు పోయాయి. స్క్రీన్ల దుకాణంలో పెద్దాయనకు చూపిస్తే, "మా రెడ్యూసరు మా రంగులకే సార్. మీ డబ్బాతో వచ్చిన కాగితంలో ఏది రాసుందో అదే పోయండి" అన్నారు. ఆ కాగితంలో బ్యూటైల్ కార్బిటాల్ ఎసిటేట్ అని ఉంది. అది నెమ్మదిగా ఆరే ద్రావణి కాబట్టి మెష్‌లో పేస్టు ఎండిపోకుండా ఆపుతుంది. తరువాత ఎప్పుడూ పేస్టు బరువులో నూటికి ఒక వంతు మించి కలపలేదు, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

ఇంత తక్కువ నిరోధాలకు మల్టీమీటరు నేరుగా పనికిరాదు, ఎందుకంటే దాని తీగల నిరోధమే 0.3 ఓమ్ ఉంది. నేను వాడిన పద్ధతి ఇది:

1. ప్రతి షీటు అంచున కాయిల్‌తోపాటు 100 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు ఉన్న పరీక్ష గీత కూడా అచ్చువేయాలి. అది సరిగ్గా 50 చదరాలు.
2. ఎల్‌ఎం 317 రెగ్యులేటరుకు 12.5 ఓమ్‌ల రెసిస్టరు తగిలిస్తే 100 మిల్లీఆంపియర్ల స్థిరమైన కరెంటు వస్తుంది. దాన్ని గీత రెండు చివరలకు ఇవ్వాలి.
3. కరెంటు తీగలను తాకకుండా, విడి ముల్లులతో గీత మీద మిల్లీవోల్టులు కొలవాలి.
4. వచ్చిన మిల్లీవోల్టులను 5తో భాగిస్తే చదరానికి ఎన్ని మిల్లీఓమ్‌లో నేరుగా తెలుస్తుంది.

హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టిన షీటుకు 900 మిల్లీవోల్టులు వచ్చాయి, అంటే చదరానికి 180 మిల్లీఓమ్‌లు. కాయిల్ మొత్తం 353 ఓమ్‌లు. తడి ఆరినంత మాత్రాన వెండి రేకలు ఒకదానికొకటి హత్తుకోవని దీనితో తేలింది. రెసిన్ ఉడికి కుదించుకుపోతేనే రేకలు దగ్గరపడతాయి, అందుకు 120 డిగ్రీల వేడి కావాలి.

ఖర్చు: పేస్టు 3,400, త్రాసు 380, రెగ్యులేటరు సామాను 60. మొదటి దశతో కలిపి ఇప్పటిదాకా మొత్తం రూ. 5,180. షీట్లు 11, మంచివి 0. మిగిలిన పేస్టు 18.4 గ్రాములు.

మూడో దశ: కాల్చడం, షీటు ముడుచుకుపోవడం

పాత ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఒకటి కొన్నాను. వెండి పేస్టు కాల్చిన ఓటీజీలో మళ్లీ ఎప్పుడూ వంట చేయకూడదు, అందుకే వంటింటిది వాడలేదు. డయల్ 120 దగ్గర పెడితే థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) 147 డిగ్రీలు చూపించింది, పైగా ఓవెన్‌లోని వేడి కడ్డీలు ఎర్రబడినప్పుడల్లా 20 డిగ్రీలు ఎగిసిపడుతోంది. మొదటి మూడు షీట్లు అప్పడంలా అలలు తేలాయి. మందపాటి ఇనుప దోసె పెనం లోపల పెట్టి, అరగంట ముందుగా వేడిచేసి, షీటును దాని మీద పరిచాక ఊగిసలాట 4 డిగ్రీలకు తగ్గింది. 120 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు కాల్చితే చదరానికి 62 మిల్లీఓమ్‌లు, కాయిల్ మొత్తం 122 ఓమ్‌లు వచ్చాయి.

దీన్ని సగం చేయడానికి అదే అచ్చు మీద రెండో పూత వేశాను. 61 ఓమ్‌లు రావాలి. మీటరు 38 చూపించింది.

అనుకున్నదానికన్నా తక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగిందన్నమాటే. పరీక్ష గీత చదరానికి 31 మిల్లీఓమ్‌లే అంటోంది, కాయిల్ మాత్రం అంతకన్నా తక్కువ ఉంది. కాయిల్‌లోకి 100 మిల్లీఆంపియర్లు పంపి, లోపలి చుట్టు నుంచి మొదలుపెట్టి చుట్టు చుట్టుకూ వోల్టేజి కొలుచుకుంటూ వెళ్లాను. వ్యాసం పెరిగేకొద్దీ ఒక్కో చుట్టు మీద వోల్టేజి సుమారు 180 మిల్లీవోల్టుల నుంచి సమంగా పెరుగుతూ పోవాలి. పదకొండో చుట్టు దాకా అలాగే పెరిగి, తరువాతి నాలుగు చుట్ల మీద దాదాపు సున్నాకు పడిపోయింది. నగల పనివాళ్లు వాడే భూతద్దంతో ఆ చోటు చూస్తే, రెండో పూత మొదటి గీత మీద నుంచి జారి సందులోకి ఒరిగి, పక్క గీతను వెంట్రుకంత వెండి మీసాలతో తాకుతోంది. నాలుగు చుట్లు పని నుంచి తప్పుకున్నాయి.

కారణం షీటే. కొత్త షీటు మీద 200 మి.మీ. దూరంలో రెండు గీతలు గీసి కాల్చి కొలిస్తే, నిలువున 198.1, అడ్డంగా 199.2 మి.మీ. ఉంది. మొదటి పూత కాలినప్పుడు షీటు ముడుచుకుంది, స్క్రీను ముడుచుకోలేదు. అందువల్ల బయటి అంచుకు వెళ్లేకొద్దీ రెండో పూత పక్కకు తప్పుకుంటోంది.

మార్చిన క్రమం:

1. అచ్చువేయకముందే ఖాళీ షీటును 125 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు కాల్చి, పెనంతోపాటే నెమ్మదిగా చల్లారనివ్వాలి.
2. స్క్రీనును కీళ్లతో బల్లకు బిగించి, షీటు ఆనడానికి మూడు చోట్ల మందపాటి అట్ట ముక్కలు అంటించాలి.
3. మొదటి పూత, కాల్పు, పరీక్ష గీత కొలత.
4. రెండో పూత, కాల్పు, మళ్లీ కొలత. లెక్కకన్నా పదోవంతు తక్కువ వచ్చినా చుట్టు చుట్టుకూ వోల్టేజి చూడాలి.

ముందే కాల్చిన షీటు రెండోసారి కాల్చినప్పుడు 200 మి.మీ.కు 0.2 మి.మీ. లోపే ముడుచుకుంది. 60 ఓమ్‌ల కాయిల్ చేతికి వచ్చింది.

ఖర్చు: ఓటీజీ 1,200, థర్మోకపుల్ 150. మొత్తం రూ. 6,530. షీట్లు 19, మంచివి 0. పేస్టు 15.9 గ్రాములు. ఆ 60 ఓమ్‌ల షీటు ఎందుకు మంచివాటిలో చేరలేదో తరువాతి దశలో తెలుస్తుంది.

నాలుగో దశ: అయస్కాంతం, కాయిల్ ఆకారం, దిశ

30 మి.మీ. వ్యాసమున్న నియోడిమియం అయస్కాంతం మీద ఆ కాయిల్‌ను పట్టుకుంటే, చెవి ఆనిస్తే తప్ప శబ్దం వినిపించలేదు. తోపును అంకెల్లో చూడాలని త్రాసు మీద పొడవాటి ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి, దాని మీద అయస్కాంతం పెట్టి సున్నా చేసి, 2 మి.మీ. పైన కాయిల్‌ను స్టాండుకు బిగించి 100 మిల్లీఆంపియర్లు పంపాను. త్రాసు 0.8 గ్రాములు చూపించింది. గ్లాసు లేకుండా పెడితే త్రాసులోని ఇనుమును అయస్కాంతం లాగి అంకెలు నిలవవు.

షీటును పైకీ కిందికీ కదిలించేది అయస్కాంత క్షేత్రంలో పక్కకు పరుచుకునే భాగం మాత్రమే. అయస్కాంతం నడిమి మీద క్షేత్రం నిటారుగా ఉంటుంది, అక్కడి చుట్లు పనిచేయవు. పక్కకు పరుచుకునే భాగం అంచు దగ్గర బలంగా ఉండి, దూరమయ్యేకొద్దీ త్వరగా తగ్గిపోతుంది. నా కాయిల్‌లో సగానికి పైగా పొడవు అయస్కాంతం అంచుకు దూరంగా, నిరోధం పెంచడం తప్ప మరే పనీ చేయకుండా ఉంది. కాబట్టి అంచు చుట్టూ ఉంగరంలా కొత్త కాయిల్ గీశాను: లోపల 18, బయట 46 మి.మీ., గీత 0.6, సందు 0.4 మి.మీ., 14 చుట్లు, 2,345 చదరాలు. రెండు పూతలతో 73 ఓమ్‌లు. పొడవు 2.36 మీటర్ల నుంచి 1.41 మీటర్లకు తగ్గినా తోపు 1.4 గ్రాములకు పెరిగింది.

లోపలి చివరను బయటికి తేవడం ఇంకో చిక్కు. చుట్ల మీద గోళ్లరంగు పూసి, దాని మీదుగా వెండి వంతెన వేస్తే పేస్టులోని ద్రావణి గోళ్లరంగును కరిగించి అన్ని చుట్లనూ కలిపేసింది. వేడిని తట్టుకునే కాప్టన్ టేపు మీదుగా వేస్తే టేపు అంచు మెట్టు దగ్గర గీత చిట్లింది. చివరికి వంతెనే లేకుండా, లోపలి చివర దగ్గర తోలు పంచుతో 1.5 మి.మీ. రంధ్రం చేసి, షీటు వెనుక వైపు కూడా ఇంకో కాయిల్ అచ్చువేసి, రంధ్రంలో పేస్టు కూరి రెండింటినీ వరుసగా కలిపాను. చుట్లు రెట్టింపయ్యాయి, రెండు కొసలూ బయటి అంచునే వచ్చాయి.

ఇక్కడ చేసిన తప్పు ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకుంది. వెనుక వైపుకు అద్దంలో ప్రతిబింబంలా తిప్పిన స్క్రీను కావాలనుకుని కొత్తగా చేయించాను. కాల్చాక నిరోధం 146 ఓమ్‌లు, లెక్కకు సరిగ్గా సరిపోయింది. పరీక్ష గీతలు, చుట్టు చుట్టుకూ వోల్టేజి అన్నీ బాగున్నాయి. శబ్దం మాత్రం లేదు. త్రాసు 0.05 గ్రాములు దాటలేదు. ఆంప్లిఫయరును, తీగలను, అయస్కాంతాన్ని అనుమానిస్తూ నాలుగు సాయంత్రాలు గడిచాయి.

చివరికి ఇంటర్ ప్రయోగశాలలోని టాంజెంట్ గాల్వనోమీటరు గుర్తుకువచ్చింది. షీటును ఉత్తర దక్షిణాలకు నిలువుగా నిలబెట్టి, కాయిల్ నడిమికి 10 మి.మీ. వెనుక దిక్సూచి పెట్టాను. ముందు కాయిల్‌లోకి మాత్రమే 100 మిల్లీఆంపియర్లు పంపితే ముల్లు ఒక వైపుకు 40 డిగ్రీలు తిరిగింది. రంధ్రం దగ్గర నుంచి వెనుక కాయిల్‌లోకి పంపితే రెండో వైపుకు దాదాపు అంతే తిరిగింది. రెండింటినీ కలిపితే కదలలేదు. ఒక కాయిల్ తోపును ఇంకొకటి పూర్తిగా రద్దుచేస్తోంది.

కాగితం మీద గీసి చూస్తే విషయం తేలింది. ముందు వైపు కరెంటు సవ్యదిశలో తిరుగుతూ లోపలికి వెళుతుంది. అదే స్క్రీనుతో వెనుక అచ్చువేస్తే, కరెంటు లోపలి నుంచి బయటికి వస్తుంది గనుక వెనుక నుంచి చూసేవారికి అపసవ్యంగా, ముందు నుంచి చూసేవారికి మళ్లీ సవ్యంగానే తిరుగుతుంది. అంటే తిప్పిన స్క్రీను అక్కరలేదు. షీటును బోర్లించి అదే స్క్రీను వాడాలి. అలా చేసిన మొదటి షీటుకు త్రాసు 2.7 గ్రాములు చూపించింది.

ఆపైన 146 ఓమ్‌లను తగ్గించడానికి, కాలిన షీటుకు రెండు వైపులా బటర్ పేపరు కప్పి, ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడి మీద బరువుగా ఆనించి నిమిషం సేపు అదిమాను. రేకలు ఇంకా దగ్గరపడి చదరానికి 31 నుంచి 24 మిల్లీఓమ్‌లకు, మొత్తం 113 ఓమ్‌లకు తగ్గింది. ఇస్త్రీ పెట్టెను పక్కకు జరిపితే గీతలు చెదురుతాయి కాబట్టి పైనుంచి దించి పైకే ఎత్తాలి.

ఖర్చు: స్క్రీన్లు రెండు 900, దిక్సూచి 90. మొత్తం రూ. 7,520. షీట్లు 30, మంచివి 1. పేస్టు 11.2 గ్రాములు.

ఐదో దశ: చట్రం, శబ్దం

షీటును 120 మి.మీ. ఎంబ్రాయిడరీ రింగులో బిగించి, వెనుక చెక్కకు అయస్కాంతం అంటించాను. చెక్కకు రంధ్రాలు లేనప్పుడు లోపలి గాలి బందీ అయి శబ్దం మూసుకుపోయినట్టు ఉంది. 6 మి.మీ. రంధ్రాలు 24 వేశాక తెరుచుకుంది. టీడీఏ 2030 ఆంప్లిఫయరు బోర్డును 24 వోల్టుల అడాప్టరుతో నడిపితే 7 వోల్టుల దాకా, అంటే సుమారు 60 మిల్లీఆంపియర్లు, కాయిల్‌కు అందుతోంది.

అయస్కాంతానికీ షీటుకూ మధ్య ఎడం మీదే అంతా ఆధారపడి ఉంది. 30 సెం.మీ. దూరంలో ఫోను యాప్‌తో, ఒకే సంకేతంతో కొలిచిన అంకెలివి. ఫోను మైకు ప్రామాణికం కాదు గనుక వీటిని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే వాడాలి. ఎడం 4 మి.మీ. ఉంటే 61 డెసిబెల్స్, 2 మి.మీ. ఉంటే 68, 1 మి.మీ. ఉంటే 72. కాని 1 మి.మీ. దగ్గర షీటు అయస్కాంతాన్ని తాకి చిరచిరలాడుతోంది. 2 దగ్గర ఆగాను. ఒక అయస్కాంతం చెక్కకు చేర్చేటప్పుడు చేతిలోంచి జారి స్క్రూడ్రైవరుకు కొట్టుకుని పగిలింది. ఇవి పెళుసు, ముక్కలు కంటికి ప్రమాదం, కళ్లజోడు లేకుండా ముట్టుకోకూడదు.

ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు గదిలో ఎక్కడ కూర్చున్నా ప్రతి మాటా తెలుస్తున్నాయి. వీణ మీటు, వయొలిన్ బాగున్నాయి. మృదంగంలో కుడి చేతి దెబ్బ స్పష్టంగా ఉంది, ఎడమ వైపు మోత దాదాపు లేదు. 250 హెర్ట్జ్‌కు కింద శబ్దం వేగంగా పడిపోతోంది, షీటును బిగించేకొద్దీ ఆ హద్దు ఇంకా పైకి పోతోంది.

మిగిలిన బొగ్గు సిరాతో 60 మి.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు పట్టీ వేసి వాల్యూమ్ స్లైడరు చేశాను. 20 చదరాలు, 1.06 కిలోఓమ్‌లు. ఫోనుకూ ఆంప్లిఫయరుకూ మధ్య సరిపోయింది. రాగి ముక్కతో జరిపితే వందసార్లకే పట్టీ గీరుకుపోయి కరకర మొదలైంది. మెత్తని పెన్సిల్ సీసం ముక్కను స్ప్రింగుతో ఆనించాక ఆ ఇబ్బంది తగ్గింది.

ఖర్చు: బోర్డు 280, అడాప్టరు 420, అయస్కాంతాలు రెండు 420, రింగు 70. మొత్తం రూ. 8,710. పగిలిన అయస్కాంతం, అక్కరలేని రెండు స్క్రీన్లు, బొగ్గు సిరా తీసేస్తే రూ. 6,950లో పూర్తవుతుంది. షీట్లు 34, మంచివి 2. పేస్టు 9.9 గ్రాములు.

ఆరో దశ: కొసల అతుకులు

వెండి పేస్టుకు టంకం పెట్టకూడదు. కరిగిన సీసం, తగరం వెండిని తమలోకి లాగేసుకుంటాయి, రెసిన్ మాడిపోతుంది. రెండు సెకన్లలో గీత చివర నల్లబడి ఊడి వచ్చింది. రాగి టేపు అంటించి, దాని అంచు మీద కుంచెతో పేస్టు పూసి మళ్లీ కాల్చాను. అతుకు నిరోధం 0.2 ఓమ్ లోపు వచ్చింది.

ఆ స్పీకరు 3 గంటల 10 నిమిషాలు మోగి ఆగిపోయింది. భూతద్దంలో చూస్తే రింగు లోపలి అంచును తాకే చోట గీతకు అడ్డంగా పగులు కనిపించింది. షీటు ఊగే భాగం, బిగిసిన భాగం కలిసేది అక్కడే, కాబట్టి వంపంతా ఆ ఒక్క గీత మీద పడుతోంది. స్క్రీను మీద కొసలను 0.6 నుంచి 5 మి.మీ.కు వెడల్పు చేయించకుండానే, ఉన్న షీట్ల మీద కుంచెతో వెడల్పు చేసి, గీత రింగును నిటారుగా కాక ఏటవాలుగా దాటేలా పూసి, రింగు అంచున పలుచని ఫెల్టు అంటించాను. అలా చేసిన మూడో మంచి షీటు ఇవాళ్టికి 46 గంటలు మోగింది. రోజూ ఉదయం కొలుస్తున్న నిరోధం 113 ఓమ్‌ల నుంచి 114 దగ్గర నిలిచి ఉంది. మొత్తం షీట్లు 37, పేస్టు 9.1 గ్రాములు.